ఆకలి కాదమ్మా... ఊపిరి!

మా వాడి తొమ్మిదో పుట్టినరోజుకి మా మరిది ఓ గుండ్రటి గాజు తొట్టి, మూడు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చిచ్చాడు. హాల్లో టీవీ పక్కన స్టూలు వేసి, దానిమీద నేను అల్లిన లేసు గుడ్డ పరిచి తొట్టి పెట్టాం. అడుగున రంగు రాళ్ళు, మధ్యలో ఓ ప్లాస్టిక్ మొక్క. నీళ్ళు నిండుగా ఉంటేనే అందమని అంచుదాకా పోశాను. వచ్చినవాళ్ళంతా "ఎంత ముచ్చటగా ఉందండీ!" అన్నవాళ్ళే. మా వాడు మూడింటికీ పేర్లు కూడా పెట్టేశాడు.

నాలుగో రోజు తెల్లవారుజామున లేచి, కాఫీ డికాక్షన్ వేద్దామని వంటింట్లోకి వెళ్తూ తొట్టికేసి చూశాను. మూడు చేపలూ నీటి పైకి వచ్చి, మూతులు ఎత్తి, గబగబా నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. "అయ్యో పాపం, రాత్రి మేత చాల్లేదు కాబోలు" అనుకుని, చిటికెడు వెయ్యాల్సిన చోట రెండు చిటికెలు వేశాను. నోరు తెరిస్తే ఆకలే అనుకోవడం తల్లులకి అలవాటు కదా!

అవి మేత ముట్టలేదు. నీళ్ళు మురికయ్యాయేమోనని పది గంటలకి మొత్తం పారబోసి, కుళాయి నీళ్ళు పట్టి మళ్ళీ అంచుదాకా నింపాను. మధ్యాహ్నానికి ఒకటి పక్కకి ఒరిగిపోయింది. సాయంత్రానికి రెండోది. మూడోది రాత్రిదాకా కొట్టుకుంటూనే ఉంది. మా వాడు కూల్‌డ్రింక్ స్ట్రా ఒకటి తెచ్చి నీళ్ళలో పెట్టి, కళ్ళనీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా బుడబుడమని గాలి ఊదుతూ కూర్చున్నాడు. "ఇంక చాల్లే, పడుకో" అని నేనే బలవంతాన లేవదీశాను. తెల్లారేసరికి అదీ పోయింది.

మర్నాడు చేపల దుకాణానికి వెళ్ళి, "మంచి చేపలివ్వలేదు మీరు" అని దెబ్బలాడాను. అక్కడి పెద్దాయన నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "అవి నోరు తెరిచింది ఆకలికి కాదమ్మా, ఊపిరాడక. ఇంట్లో అందరికన్నా సరైన పని చేసింది మీ అబ్బాయే" అన్నాడు. "కాకపోతే స్ట్రాతో కాదు, చెంబుతో చెయ్యాల్సింది."

చెంబుతో ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు. తరవాత తెలుసుకున్నాను. నాలాగా ముచ్చటపడి చేపల్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకి, తెచ్చుకోబోతున్నవాళ్ళకి ఉపయోగపడతాయని ఆ సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ళలో ఊపిరి ఎంత?

చేప నోరు తెరిచి మూస్తుంటే నీళ్ళు తాగుతోందనుకుంటాం. తాగడం కాదది. నోట్లోకి తీసుకున్న నీటిని మొప్పల మీదుగా బయటికి పంపిస్తుంది. అలా పోయేటప్పుడు నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువుని మొప్పల్లోని సన్నటి రక్తనాళాలు పీల్చుకుంటాయి. మనకి ఊపిరితిత్తులెలాగో దానికి మొప్పలలాగ.

అయితే మనకున్న భాగ్యం దానికి లేదు. మనం పీల్చే గాలిలో ఇంచుమించు అయిదోవంతు ప్రాణవాయువే. లీటరు గాలిలో ఉన్న ప్రాణవాయువు, లీటరు నీళ్ళలో కరిగినదానికి 30 రెట్లకు పైగానే ఉంటుంది. ఉన్న ఆ కాస్తా వేడెక్కితే తగ్గిపోతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీళ్ళు మహా అయితే 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువుని పట్టి ఉంచగలవు. 30 డిగ్రీలకి వచ్చేసరికి ఏడున్నర, 35కి ఏడు కంటే తక్కువ. మామూలుగా పెంచుకునే చేపలకి ఇది 5 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకోవాలంటారు. అంటే మన ఎండాకాలంలో తొట్టి నీటికి తరుగు పోవడానికి మిగిలేది చాలా కొద్ది.

మరో చిక్కు కూడా ఉంది. నీళ్ళు వేడెక్కినకొద్దీ చేప ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి. పది డిగ్రీలు పెరిగితే దానికి కావలసిన ప్రాణవాయువు ఇంచుమించు రెట్టింపవుతుంది. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్టన్న మాట! ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో ఇల్లు నడిపే మనకి వేరే చెప్పక్కర్లేదు.

పాలు చల్లార్చినట్టే

ఇంతకీ ఆ ప్రాణవాయువు నీళ్ళలోకి ఎక్కడినుంచి వస్తుంది? చాలావరకు నీటి పైభాగం నుంచే. గాలీ నీళ్ళూ ఎక్కడ తగులుకుంటే అక్కడే లోపలికి కరుగుతుంది. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు కూడా అక్కడినుంచే బయటికి పోతుంది. అందుకే ఊపిరాడని చేప పైకి వస్తుంది. అన్నిటికన్నా పైనున్న ఆ పలచటి పొరలోనే కాస్త ఎక్కువ ప్రాణవాయువు దొరుకుతుంది మరి.

వేడి పాలు తొందరగా చల్లారాలంటే ఏం చేస్తాం? చెంబులో ఉంచం, వెడల్పాటి గిన్నెలో పోస్తాం. ఇదీ అంతే. తొట్టిలో ఎన్ని లీటర్లు పట్టాయన్నది ఒక్కటే కాదు, నీటి పైభాగం ఎంత వెడల్పుగా ఉందన్నది చూసుకోవాలి.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే తెలిసింది. మా గుండ్రటి తొట్టి నడుము దగ్గర పది అంగుళాల అడ్డకొలత. మూతి దగ్గర అయిదంగుళాలు. నడుము దాకా నీళ్ళు పోస్తే పైభాగం ఇంచుమించు 78 చదరపు అంగుళాలు. అంచుదాకా నింపితే 20కి కూడా తక్కువ! అందంగా ఉంటుందని నిండుగా పోసి, వాటి ఊపిరిని నేనే నాలుగోవంతు చేశాను. మీ ఇంట్లో ఇప్పటికే అలాంటి తొట్టి ఉంటే ఇవాళే నడుము దాకా తగ్గించండి. కొత్తగా కొనేవాళ్ళు మాత్రం గుండ్రటిది వద్దు, పొడుగాటి చతురస్రపు తొట్టి తీసుకోండి. ఎత్తు తక్కువైనా వెడల్పు ఉండాలి.

ఎన్ని చేపలు వెయ్యాలన్నదానికి ఈ వ్యాపకం ఉన్నవాళ్ళు వాడే ఓ పాత లెక్క ఉంది. గప్పీ, మోలీ, టెట్రాలాంటి చిన్న చేపలకైతే తోక వదిలేసి కొలిచిన ప్రతి అంగుళానికీ 12 చదరపు అంగుళాల పైభాగం ఉండాలి. గోల్డ్‌ఫిష్‌కైతే అంగుళానికి 30. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న తొట్టి పైభాగం 288 చదరపు అంగుళాలు. అంటే చిన్న చేపలు అన్నీ కలిపి 24 అంగుళాలు. అంగుళంన్నర చేపలైతే పదహారు దాకా. గోల్డ్‌ఫిష్ అయితే అన్నీ కలిపి పదంగుళాలకి మించకూడదు. బాగా సాకితే ఒక్కొక్కటీ ఆరంగుళాలు దాటి పెరిగే చేప అది. దాని రెట్ట కూడా ఎక్కువ. పైగా చల్లటి నీళ్ళలో సుఖపడే జాతి. అలాంటి మూడింటిని చిన్న బూరెలబుట్టంత తొట్టిలో, నడివేసవిలో పెట్టుకున్నాం మేం.

బుడగల అసలు పని

చాలామంది ఇళ్ళలో తొట్టికి ఎయిర్ పంపు ఉంటుంది. సన్నటి పైపు చివర రాయిలాంటిది కట్టి అడుగున వేస్తే బుడగలు బుసబుస పైకొస్తుంటాయి. ఆ బుడగల్లోంచే ప్రాణవాయువంతా నీళ్ళలోకి పోతుందనుకుంటాం. కొంత పోయే మాట నిజమే. కానీ బుడగ చేసే పెద్ద పని వేరే. అడుగునున్న నీటిని తనతో పైకి లాక్కొస్తుంది, పైనున్న నీటిని కదుపుతుంది. అలా పొరలు పొరలుగా నీళ్ళన్నీ పైకి వచ్చి గాలి పోసుకుని కిందికి పోతాయి. మజ్జిగ చిలికినప్పుడు అడుగుది పైకి, పైది అడుక్కి పోయినట్టు. అందుకే రాయిలోంచి వచ్చే బుడగలు పెద్దవిగా, అందంగా ఉన్నాయా అన్నది కాదు, నీటి పైభాగం కదులుతోందా లేదా అన్నదే చూసుకోవాలి. పక్కన తగిలించే ఫిల్టరు నీళ్ళని పైనుంచి ధారగా పోస్తున్నా, లోపలి ఫిల్టరు మూతి పైకి తిప్పి అలలు లేపినా అదే ఫలితం. చిన్న తొట్లకి స్పాంజి ఫిల్టరు చవక, మేలు. గాలీ ఆడుతుంది, మురికీ పడుతుంది.

పంపు విషయంలో మూడు మాటలు. ఒకటి: పంపుని నీటి మట్టానికి పైన పెట్టండి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు పైపులోంచి నీళ్ళు వెనక్కి వచ్చి, పంపు పాడై హాలంతా మడుగవుతుంది. కిందే పెట్టక తప్పకపోతే పైపు మధ్యలో నాన్‌రిటర్న్ వాల్వు వేయించండి. వేలెడంత వస్తువే. రెండు: రాత్రిపూట చప్పుడని పంపు కట్టెయ్యకండి. కరెంటు బిల్లు భయం అసలే వద్దు. చిన్న తొట్టికి వాడే మూడు వాట్ల పంపు నెలంతా రాత్రింబవళ్ళు తిరిగినా ఖర్చయ్యేది రెండు యూనిట్ల పైచిలుకు. మూడు: రాయి కొన్నాళ్ళకి పాచి పట్టి మూసుకుపోతుంది. బుడగలు తగ్గితే పంపు పాడైందనుకోకుండా ముందు రాయి మార్చి చూడండి.

తెల్లవారుజామే ఎందుకు?

మా చేపలు తెల్లవారుజామునే ఎందుకు పైకొచ్చాయని అడిగితే దుకాణం పెద్దాయన, "భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతుల్నడగండి, వాళ్ళు చెప్తారు" అన్నాడు. నిజమే. చెరువులోని నాచు, కంటికి కనిపించని మొక్కల్లాంటి జీవాలు పగలు ఎండలో ప్రాణవాయువు తయారుచేస్తాయి. చీకటి పడ్డాక తయారీ ఉండదు సరికదా, అవీ చేపలతో పాటు పీలుస్తాయి. అలా రాత్రంతా తరిగి తరిగి తెల్లవారే ముందు వేళకి అడుగంటుతుంది. మబ్బు పట్టిన రోజైతే పగటి తయారీ కూడా అంతంతమాత్రమే. అందుకే ముసురు రోజుల్లో రైతులు రాత్రిళ్ళు గట్టుమీదే కాపలా ఉంటారు. చేపలు మూతులు తేలేస్తే చాలు, పరుగెత్తి ఏరియేటర్లు వేస్తారు. నీళ్ళని చిలికి పైకి చిమ్మే చక్రాలవి. ఎకరాల చెరువైనా, స్టూలు మీది తొట్టైనా సూత్రం ఒక్కటే.

కాబట్టి తొట్టిలో నిజం మొక్కలు వేసుకున్నవాళ్ళు "మొక్కలున్నాయిగా, పంపెందుకు" అనుకోకండి. పగలు సాయం చేసే ఆ మొక్కలే రాత్రి వాటా అడుగుతాయి. రాత్రి పంపు ఉండాల్సిందే. మొక్కలు లేని మా తొట్టిలో అయితే తయారీ పగలూ లేదు. రాత్రంతా తలుపులు మూసి ఉక్కపోసిన హాల్లో, ముందురోజు తినగా మిగిలిన మేత అడుగున కుళ్ళుతూ ఉంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకీ ప్రాణవాయువే కావాలి. నేను ప్రేమతో వేసిన రెండు చిటికెలు వాటికి విందయ్యాయి.

మేత రోజుకి ఒకటి, రెండుసార్లు చాలు. రెండు నిమిషాల్లో తినగలిగినంతే. మిగిలితే చిన్న వలతో తీసెయ్యాలి. ఒకరోజు మేత మానేసినా పెద్ద చేపలకి ఏమీ కాదు. ఒకరోజు ఎక్కువేస్తేనే ప్రమాదం.

వంటింటికీ తొట్టికీ సంబంధం

ఇది మన శాఖ కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పోపులు, వేపుళ్ళ నూనె ఆవిరి గాల్లో తేలి వచ్చి తొట్టి నీటిమీద పలచటి జిడ్డు పొరగా పరుచుకుంటుంది. చేతులకి కొబ్బరినూనె రాసుకుని తొట్టిలో పెట్టినా అంతే. ఆ పొర నీటికీ గాలికీ మధ్య తెరలా అడ్డుపడుతుంది. పక్కనుంచి చూస్తే నీటిమీద ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తుంటాయి. అచ్చులేని తెల్లకాగితం గానీ, టిష్యూ గానీ నీటిమీద పరిచి మెల్లగా లాగేస్తే జిడ్డు దానికంటుకుని వచ్చేస్తుంది. నీటి పైభాగం కదులుతూ ఉంటే అసలు పొరే కట్టదు.

ఇంతకన్నా ముఖ్యం దోమల మందు. ప్లగ్గుకి పెట్టే ద్రవాలు, చుట్టలు, స్ప్రేలు చాలావాటిలో ఉండే పైరెథ్రాయిడ్ జాతి మందులు మనకి పెద్దగా హాని చెయ్యకపోయినా చేపలకి ఘోరమైన విషం. ఎయిర్ పంపు ఏ గాలి దొరికితే ఆ గాలిని పీల్చి నీళ్ళలోకి కొడుతుంది. దోమల చుట్ట పక్కన పంపు పెట్టామంటే విషాన్ని మనమే పైపు వేసి పంపిస్తున్నట్టు. తొట్టి ఉన్న గదిలో వాటిని వాడకపోవడమే మంచిది. తప్పనిసరై స్ప్రే కొడితే ముందు పంపు ఆపి, తొట్టిమీద తడిగుడ్డ కప్పి, గది తలుపులు తెరిచి గాలి పోయాక గుడ్డ తీసి పంపు వెయ్యండి. శుక్రవారం సాంబ్రాణి వేసేటప్పుడు కూడా పొగ పంపు దగ్గరికి చేరకుండా చూసుకోండి.

ఊపిరి ఉన్నా ఉక్కిరిబిక్కిరి

చేప పైకొచ్చి నోరు తెరిస్తే ప్రతిసారీ నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిందనే కాదు. మొప్పలు దెబ్బతిన్నా అలాగే చేస్తుంది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది. చేపల రెట్ట నుంచి, కుళ్ళిన మేత నుంచి పుట్టే అమ్మోనియా కూడా అంతే. ఎదురుగా అన్నం ఉన్నా నోరు పూసినవాడు తినలేనట్టు, నీళ్ళలో ప్రాణవాయువున్నా చేప తీసుకోలేదు. నేను కుళాయి నీళ్ళు తిన్నగా నింపి చేసిన రెండో పెద్ద తప్పు అదే.

బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. క్లోరమైన్ కలిపే ఊళ్ళలో ఇది చాలదు. చేపల దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు, అదీ క్లోరమైన్‌కి పనిచేస్తుందని సీసామీద రాసి ఉన్నవి, వాడుకోవాలి. నీళ్ళు ఎప్పుడూ మొత్తం మార్చకండి. వారానికోసారి నాలుగోవంతు, చేపలు ఇబ్బందిపడుతున్నప్పుడు మూడోవంతు. కొత్త నీళ్ళు పాత నీళ్ళంత వేడిలోనే ఉండాలి. స్పాంజిని కుళాయి కింద కడక్కుండా, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. అమ్మోనియాని విరిచే మంచి సూక్ష్మజీవులు ఆ స్పాంజిలోనే కాపురముంటాయి.

గాలి పీల్చే చేపలు

"మా ఇంట్లో ఫైటర్ చేప పంపు లేకుండానే బతుకుతోందే!" అనేవాళ్ళుంటారు. ఫైటర్లకీ, గౌరామీలకీ మొప్పలతో పాటు తలలో మరో అవయవం ఉంటుంది. పైకి వచ్చి తిన్నగా గాలి పీల్చుకోగలవు. మన కొర్రమీనుకీ ఆ నేర్పుంది. బజార్లో కొంచెం నీళ్ళున్న టబ్బులో గంటల తరబడి కదులుతూ కనిపించేది అందుకే. ఇలాంటి చేపల తొట్టికి నీళ్ళకీ మూతకీ మధ్య ఖాళీ తప్పక వదలాలి. ఊపిరి పీల్చుకోగలదు కదా అని గాజు గ్లాసులోనో, పచ్చడి సీసాలోనో పెట్టడం మాత్రం న్యాయం కాదు. రెట్ట విషం దానికీ విషమే. ఒక్క ఫైటర్‌కైనా పదిహేను, ఇరవై లీటర్ల నీళ్ళివ్వండి.

కరెంటు పోతే... చెంబే దిక్కు

ఇప్పుడు ఆ చెంబు సంగతి చెప్తాను. కరెంటు పోయి పంపు ఆగినప్పుడు ఓ చెంబు తీసుకుని తొట్టిలో నీళ్ళే ముంచి, జానెడు ఎత్తునుంచి ధారగా మళ్ళీ తొట్టిలోకి పొయ్యాలి. కాఫీ చల్లార్చడానికి గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోసినట్టన్న మాట. ధారతోపాటు గాలి కలుస్తుంది, పైభాగం కదులుతుంది. పదేసి నిమిషాలకోసారి ఇరవై చెంబులు పోస్తే చాలావరకు గండం గడుస్తుంది. చెంబుకి సబ్బు జిడ్డు లేకుండా చూసుకోండి. మూత తీసెయ్యండి. మేత వెయ్యకండి. చేపలు తక్కువ, పైభాగం వెడల్పు అయితే కొన్ని గంటలు అవే నెట్టుకొస్తాయి. కిక్కిరిసిన తొట్టి, వేసవి అయితే మాత్రం వెంటనే కనిపెట్టి ఉండాలి. బ్యాటరీతో, చార్జింగుతో నడిచే చిన్న పంపులు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇన్వర్టరు ఉన్నవాళ్ళు తొట్టి ప్లగ్గుని దానికి కలిపించుకుంటే సరి. మూసి ఉండే ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే లోపలి నీళ్ళు కంపు కొడతాయి. కడక్కుండా తిరిగి వెయ్యకండి.

ఎండలు ముదిరినప్పుడు తొట్టిని కిటికీ దగ్గరినుంచి జరపండి. నీటిమీదుగా టేబుల్ ఫ్యాను గాలి పోనివ్వండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాని మూతతో సహా తొట్టిలో తేలనివ్వచ్చు. కానీ ఒక్కసారిగా చల్లబరిస్తే అదీ ప్రమాదమే. రెండు డిగ్రీలు తగ్గగానే తీసెయ్యండి.

ఈ చెంబు వైద్యం ఇవాళ్టిది కాదు. అక్వేరియం చరిత్రలో మొదటి పేజీల్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. పారిస్‌లో బట్టలు కుట్టి బతికి, పెళ్ళయి సిసిలీ ద్వీపానికి వెళ్ళిన జాన్ విల్‌ప్రూ పవర్, సముద్రజీవుల్ని దగ్గరగా చూసి చదవడానికి 1832లో గాజు తొట్టి చేయించింది. ఆ తరవాత 1846లో లండన్‌లో ఆనా థిన్ అనే ఇల్లాలు టార్కీ సముద్రతీరం నుంచి పగడపు జాతి జీవాల్ని ఇంటికి తెచ్చి సాకింది. అప్పటికి కరెంటు లేదు, పంపు లేదు. కిటికీ తెరిచి, దాని ముందు నిలబడి, అరగంట, ముప్పావుగంట సేపు ఆ ఉప్పునీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకోదాన్లోకి తిరగబోయించేది. తిరగబోసింది వాళ్ళింట్లో పనిచేసే చిన్న పిల్ల! ఆ జీవాల్ని బతికించినందుకు ఆనా థిన్ పేరు నిలిచింది. పోసిన చేతుల పేరు నిలవలేదు. ఇంట్లో ప్రాణాల్ని నిలబెట్టే పనులు చాలావరకు అలాంటివేగా.

గుర్తుంచుకోండి

* తొట్టి ఎత్తు కాదు, వెడల్పు చూసి కొనండి. గుండ్రటి తొట్టిని నడుము దాకానే నింపండి.
* నీటి పైభాగం రాత్రీ పగలూ కదులుతూ ఉండాలి. పంపు నీటి మట్టానికి పైనే ఉండాలి.
* చేపలు తక్కువ, మేత ఇంకా తక్కువ.
* జిడ్డు పొర, దోమల మందు, సాంబ్రాణి పొగ - మూడూ తొట్టికి శత్రువులు.
* చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే: ముందు చెంబుతో తిరగబొయ్యండి, తరవాత నిలవ నీళ్ళతో మూడోవంతు మార్చండి, ఆ తరవాత కారణం వెతకండి.

మా వాడు ఏడాదిపాటు చేపల మాటెత్తలేదు. ఆ తరవాత తనే, "ఈసారి వెడల్పు తొట్టి కొందామమ్మా" అన్నాడు. ఇప్పుడు మా హాల్లో రెండడుగుల తొట్టి ఉంది. ఎనిమిది గప్పీలు, వాటి పిల్లలు. వాటికి మాత్రం వాడు పేర్లు పెట్టలేదు.

ఈమధ్య ఓ రాత్రి గాలివానకి కరెంటు పోయింది. ఒంటిగంట దాటినా రాలేదు. కొవ్వొత్తి వెలుగులో నేనూ మా వాడూ వంతులేసుకుని చెంబుతో పోస్తున్నాం. చప్పుడుకి మా వారు లేచొచ్చి కాసేపు చూసి, "ఇలా తే, నువ్వెళ్ళి పడుకో" అని నా చేతిలో చెంబు అందుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన రాత్రిపూట నా చేతిలోంచి పని అందుకోవడం అదే మొదలు! తెల్లారి లేచి చూస్తే చేపలన్నీ నీటి మధ్యలో తీరిగ్గా తిరుగుతున్నాయి. తండ్రీ కొడుకులిద్దరూ సోఫాలో ఒరిగి నిద్రపోతున్నారు.

ఇప్పటికీ రోజూ కాఫీ పెట్టబోయే ముందు ఒక్క నిమిషం తొట్టి ముందు నిలబడతాను. మీరూ నిలబడండి. అవి అడుగునో మధ్యలోనో తిరుగుతుంటే మీ పని మీరు చూసుకోవచ్చు. పైకొచ్చి నోరు తెరుస్తుంటే మాత్రం మేత డబ్బా కోసం వెతక్కండి. చెంబు తీసుకోండి.